బస్సు దారి మారితే

బస్సుల దారులు మారుస్తారట అనే మాట వేలూరులో పుట్టినా, గుడియాత్తంలో పుట్టినా, మన పల్లెల్లో మొట్టమొదట వినిపించే ప్రశ్న ఒకటే. "మన ఊరి బస్సు ఉంటుందా, తీసేస్తారా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే అది ఒక్కటే అడిగి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. బస్సు ఉండి కూడా మనకు అక్కరకు రాకుండా పోవచ్చు. అది ఆగే బస్టాండు మారవచ్చు. బయలుదేరే వేళ ఒక అరగంట అటో ఇటో జరగవచ్చు. బస్సు అదే, డ్రైవరూ అతనే, కాని ముందు పెట్టే బోర్డు మారవచ్చు. బోర్డు మారితే ఏమవుతుందిలే అనుకోవద్దు. కూలికి పోయే ఆడమనిషికి నెల తిరిగేసరికి దానివల్ల ఎంత తేడా వస్తుందో ముందు ముందు చెబుతాను.

నాది బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం. రవాణా శాఖతో నాకు ఏ సంబంధమూ లేదు. కాని ఉదయం హాజరుపట్టీ తెరిచి పేర్లు పిలుస్తూ పోతే, ఆ పూట ఏ ఊరి బస్సు రాలేదో నాకు తెలిసిపోతుంది. ఒకే ఊరి పిల్లలు నలుగురైదుగురు ఒక్కసారిగా కనబడలేదంటే ఊళ్ళో జ్వరాలు వచ్చాయని కాదు, బస్సు రాలేదని అర్థం. మన వైపు తెలుగు చదువుకునే పిల్లల సంగతి మీకు తెలియనిది కాదు. పక్క వీధిలోనే తెలుగు తరగతి ఉండే రోజులు తగ్గిపోయాయి. ఊళ్ళు దాటి వచ్చి చదువుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. మా బడిలో గంట కొట్టేది ప్యూనే అయినా, బడి నిజంగా మొదలయ్యేది బస్సు వచ్చాకే.

ముందు వేలూరు సంగతి చూద్దాం. మన పెద్దలు రాయవేలూరు అని పిలుచుకున్న ఈ పట్టణం 2008 ఆగస్టులో కార్పొరేషన్ అయింది. 2011లో కాట్పాడి, సత్తువాచారి, తొరప్పాడి వంటి ఊళ్ళు కూడా అందులో కలిసి, 60 వార్డుల నగరమైంది. నగరం ఒళ్ళు పెంచుకుంది గాని, దాని వెన్నెముక మాత్రం మారలేదు. దక్షిణాన బాగాయం, ఉత్తరాన కాట్పాడి. నడుమ కోట, సి.ఎం.సి. ఆసుపత్రి, పాలారు వంతెన. ఒకటో నంబరు, రెండో నంబరు టౌన్ బస్సులంటే ఈ దారే అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ దారిలో నిలబడితే ఒక బస్సు తప్పినా దాని వెనుకే ఇంకొకటి వస్తుంది. ఈ దారి వదిలి పక్కకు తిరిగారో, అప్పుడు తెలుస్తుంది వేచి ఉండటం అంటే ఏమిటో.

నగర రవాణా గురించి ఆలోచించేవాళ్ళు దీనికి ఒక మందు చెబుతారు. ఒకే దారిలో ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడిచే బస్సులను కొన్నిటిని తీసి పక్క దారులకు వేయమంటారు. ప్రతి పల్లెనుంచీ ప్రతి బస్సూ పట్టణం నడిబొడ్డు దాకా రానక్కరలేదు, ఒక కూడలిలో దిగి ఇంకొకటి ఎక్కనివ్వండి అంటారు. లెక్క ప్రకారం ఈ మాట తప్పు కాదు. ఉదాహరణకు, ఒక బస్సు పల్లెనుంచి పాత బస్టాండుకు వచ్చి తిరిగి వెళ్ళడానికి రెండు గంటలు పడుతుందనుకోండి. అదే బస్సు కాట్పాడి దగ్గరే వెనక్కి తిరిగితే గంటంపావులో మళ్ళీ ఊళ్ళో ఉంటుంది. కొత్త బస్సు కొనకుండా, కొత్త డ్రైవరును పెట్టకుండా, ఆ ఊరికి రోజుకు నాలుగైదు ట్రిప్పులు ఎక్కువ వస్తాయి. కాట్పాడి నుంచి పట్టణంలోకి ఎలాగూ బస్సులకు కొదవ లేదు.

మరి చిక్కు ఎక్కడుంది? దిగి ఎక్కే చోట ఉంది. చంకలో పిల్ల, చేతిలో సంచి, వెంట ముసలి అత్తగారు ఉన్న మనిషికి ఒక బస్సు రెండు బస్సులవడం చిన్న మాట కాదు. ఎండకు నీడ, తాగడానికి నీళ్ళు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేని కూడలిలో దింపేసి "ఇక్కడ మారండి" అంటే, ఆ బస్సు ఎన్ని ట్రిప్పులు తిరిగితే ఏం లాభం? పైగా టికెట్టు సంగతి ఒకటి ఉంది. మన బస్సుల్లో కొన్న టికెట్టు ఆ బస్సు దిగితే చెల్లదు. రెండో బస్సుకు మళ్ళీ మొదటి స్టేజీ నుంచి డబ్బు ఇవ్వాలి.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2004 జూలై 1న నగరంలోని బస్సుల దారులన్నీ ఒక్కసారిగా మార్చేశారు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు అని బస్సులకు రంగులు వేశారు. మొదటి రోజుల్లో కార్డు యంత్రాలు మొరాయించి, ఏ రంగు బస్సు ఎటు పోతుందో తెలియక జనం నానా అవస్థ పడ్డారు. నగర మేయరు ప్రజలకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అంత గందరగోళంతో మొదలైనది తరువాత కుదుటపడింది. అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి, ఒక బస్సు దిగి ఇంకో బస్సో, భూగర్భ రైలో ఎక్కినా ఛార్జీ మొత్తం దూరాన్ని బట్టే లెక్కకట్టడం. మన చెన్నైలో కూడా 2025 సెప్టెంబరులో చెన్నై వన్ అనే యాప్ వచ్చి, బస్సుకూ రైలుకూ మెట్రోకూ కలిపి ఒకే చోట టికెట్టు తీసుకునే వీలు కలిగింది. వేలూరులో బస్సులు మారమని చెప్పేవాళ్ళు ముందు ఈ పని చేసి, ఆ తరువాత దారుల మాట ఎత్తితే బాగుంటుంది. వరుస తలకిందులైతే ప్రయాణం ఒకటే, ఖర్చు రెండు.

వేలూరుకు ఇంకొక ప్రత్యేకత ఉంది, రెండు బస్టాండులు. కోట పక్కన, ఆసుపత్రికి దగ్గరగా పాత బస్టాండు. పాలారు వైపు, జాతీయ రహదారికి ఆనుకుని కొత్త బస్టాండు. ఈ కొత్త బస్టాండును స్మార్ట్ సిటీ పథకం కింద దాదాపు 53 కోట్ల రూపాయలతో తిరిగి కట్టి 2022 జూన్ 29న తెరిచారు. కట్టడం విశాలంగా, చూడ ముచ్చటగా ఉంది, కాదనను. అయితే మన చిత్తూరు వైపు నుంచి రోజూ వచ్చేవాళ్ళలో ఎంతమందికి కొత్త బస్టాండుతో పని? చాలామందికి పని ఆసుపత్రితో. ఐడా స్కడర్ దొరసాని 1900లో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రికి మన తాతల కాలం నుంచీ బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు బస్సు దిగి, ఇంకో టౌన్ బస్సు వెతుక్కుని ఎక్కాలి, లేదా ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి. 2022లో ఆ ఆసుపత్రికే రత్నగిరి దగ్గర రాణిపేట ఆవరణ కూడా తెరిచారు. ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్ళను చూసే విభాగం అక్కడికి వెళ్ళింది. రోగి ఒకచోట, చీటీ ఒకచోట, బస్సు ఇంకొకచోట అయితే, తమిళం చదవలేని మనిషి ఎవరిని అడగాలి? దారుల పటం గీసేవాళ్ళు ఆసుపత్రి రెండు ఆవరణలనూ, రెండు బస్టాండులనూ, కాట్పాడి రైల్వేస్టేషనునూ కలుపుతూ ఒక బస్సు రోజంతా తిప్పితే, పది కొత్త దారులు పెట్టినంత మేలు. బోర్డు మీద తమిళం, ఇంగ్లీషుల కింద తెలుగులో కూడా నాలుగు అక్షరాలు రాస్తే ఇంకా సంతోషం.

ఇక బోర్డు విషయం చెబుతానన్నాను కదా. తమిళనాడులో 2021 మే నెల నుంచి ప్రభుత్వ సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. విడియల్ పయణం అని దానికి పేరు. ఏ కార్డూ చూపనక్కరలేదు, ఎక్కి కూర్చుంటే చాలు. ఇందులో అసలు కీలకం "టౌన్ బస్సు" అనే మాటలో ఉంది. గుడియాత్తం నుంచి చుట్టుపక్కల పల్లెలకు తిరిగే ప్రభుత్వ టౌన్ బస్సులో ఈ సౌకర్యం ఉంటుంది. అదే దారిలో అరగంట తరువాత వచ్చే మొఫస్సిల్ బస్సులో ఉండదు, ప్రైవేటు బస్సులో ఉండదు. కాబట్టి దారుల మార్పులో ఒక టౌన్ బస్సును తీసి, దాని స్థానంలో మొఫస్సిల్ బస్సు వేశారంటే, కాగితం మీద ఊరికి బస్సు ఉన్నట్టే లెక్క. ట్రిప్పుల సంఖ్య కూడా తగ్గదు. కాని అగ్గిపెట్టెల పనికి పోయే అమ్మాయి పోను రాను టికెట్టు కొనాలి. పోనూ రానూ కలిపి రోజుకు ఇరవై రూపాయలనుకుంటే, నెలకు ఇరవై అయిదు రోజులకు 500 రూపాయలు. కూలి పెరగకుండా ఈ అయిదు వందలు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే అంటున్నాను, బస్సు ఉంటుందా అని అడిగి ఆగిపోవద్దు. ఏ బోర్డుతో ఉంటుందో కూడా అడగండి.

ఈ నియమం సడలించరానిదేమీ కాదు. నీలగిరి, కొడైకెనాల్, వాల్పారై వంటి కొండ ప్రాంతాల్లో టౌన్ బస్సులు సరిగా లేవని, అక్కడి ఆడవాళ్ళకు కూడా ఈ సౌకర్యం అందేట్టు 2024లో పథకాన్ని విస్తరించారు. కొండవాళ్ళకు ఒక కారణం ఉంది. సరిహద్దువాళ్ళకు కూడా ఒక కారణం ఉంది. చెప్పుకునేవాళ్ళు కావాలి, అంతే.

గుడియాత్తం అంటే బయటివాళ్ళకు లుంగీలు, అగ్గిపెట్టెలు గుర్తుకొస్తాయి. రాజకీయాలు తెలిసినవాళ్ళకైతే 1954లో ముఖ్యమంత్రి కామరాజు శాసనసభకు ఎన్నికైన నియోజకవర్గం గుర్తుకొస్తుంది. బస్సు ఎక్కేవాళ్ళకు మాత్రం గుర్తుకొచ్చేది రెండు దారులు. వేలూరు నుంచి కాట్పాడి మీదుగా లత్తేరి, కె.వి. కుప్పం దాటి రావచ్చు. లేదా జాతీయ రహదారి మీద పళ్ళికొండ దాకా వచ్చి, అక్కడ పాలారు దాటి రావచ్చు. రెండో దారిలో రోడ్డు బాగుంటుంది, బస్సు పరుగెడుతుంది. త్వరగా చేరేవాళ్ళకు అది నచ్చుతుంది. కాని బస్సులన్నీ అటే పోతే లత్తేరి దారిలోని పల్లెల గతేమిటి? వేగం కోరేవాడు బస్సు మొదట ఎక్కి చివర దిగుతాడు. నడుమ ఎక్కి నడుమ దిగేవాళ్ళ మాట ఎవరికీ వినబడదు. రైలు ఉంది కదా అంటారు. గుడియాత్తం రైల్వేస్టేషను ఊరికి కొన్ని కిలోమీటర్ల అవతల ఉంది. రైలు వేళకు బస్సు అందకపోతే, ఆ రైలు ఉన్నా లేనట్టే. పైగా వానల కాలం నమ్మరానిది. 2021 నవంబరులో కౌండిన్య పొంగి గుడియాత్తంలో ఏటి ఒడ్డు వీధులు మునిగాయి. ఆ డిసెంబరులో తిరువలం దగ్గర పొన్నై ఏటి మీది రైలు వంతెన దెబ్బతిని, ఎన్నో రైళ్ళు రద్దయ్యాయి. అలాంటప్పుడు ఒకే దారిని నమ్ముకున్న ఊరు చిక్కుబడిపోతుంది. రెండు దారులూ బస్సులతో బ్రతికి ఉండాలన్నది నా మాట.

గుడియాత్తం నుంచి ఇంకా ఉత్తరానికి, పడమటికి పోతే మన అసలు ప్రాంతం. పరదరామి మీదుగా చిత్తూరుకు ఒక దారి, సైనగుంట మీదుగా పలమనేరుకు ఒక దారి. పేర్ణంబట్టు నుంచి వి.కోటకు ఇంకొకటి. ఇదంతా ఒకప్పుడు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా వేరయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సవరణ జరిగి తిరుత్తణి ఇటు వచ్చింది, మరికొన్ని ఊళ్ళు అటు వెళ్ళాయి. గీత గీసినవాళ్ళు ఊళ్ళను పంచారు గాని చుట్టరికాలను పంచలేకపోయారు. ఆడబిడ్డ పలమనేరులో, అన్న గుడియాత్తంలో. పొలం ఈ పక్క, సంత ఆ పక్క.

బస్సుల కంపెనీలూ ఎన్నో పేర్లు మార్చుకున్నాయి. వేలూరు బస్సుల మీద పట్టుకోట్టై అళగిరి పేరు చూసిన జ్ఞాపకం మీలో చాలామందికి ఉంటుంది. 1997లో నాయకుల పేర్లన్నీ తీసేసి తమిళనాడు రాష్ట్ర రవాణా సంస్థ అనే ఒక్క పేరు పెట్టారు. ఈ వేలూరు ప్రాంతం విళుపురం కేంద్రంగా ఉన్న సంస్థ కిందికి వస్తుంది. అంటే మన పల్లె బస్సు మీద చివరి నిర్ణయం చేసే చోటు మనకు నూరు మైళ్ళు దూరంలో ఉన్నట్టే.

ఇప్పుడు సరిహద్దు దగ్గర ఉన్న విచిత్రం చూడండి. ఇటు 2021 నుంచి టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి అనే పేరుతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆ రాష్ట్రపు ఆడవాళ్ళకు ఉచితం చేశారు. గుర్తింపు కార్డు చూపాలి. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సులను మాత్రం ఆ పథకం నుంచి మినహాయించారు. కనుక గుడియాత్తం నుంచి పరదరామి దాకా టౌన్ బస్సులో పోయే ఆవిడకూ, చిత్తూరు జిల్లాలోనే ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి పోయే ఆవిడకూ ఖర్చు లేదు. గుడియాత్తం నుంచి చిత్తూరు దాకా ఒకే బస్సులో పోయే ఆవిడ మాత్రం పూర్తి ఛార్జీ ఇవ్వాలి. ఇద్దరు మేనమామలు చెరొక పట్టుచీర పెడతామన్నారు గాని, పెళ్ళి మాత్రం రెండు ఊళ్ళ నడుమ ఏటిలో జరిగినట్టుంది వ్యవహారం.

ఉచితం సంగతి అటుంచండి. రెండు రాష్ట్రాల మధ్య ఎన్ని బస్సులు తిరగాలన్నది ఎవరు చెబుతారు? రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒప్పందం రాసుకుంటాయి. మీ బస్సులు మా నేల మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగితే, మా బస్సులు మీ నేల మీద అన్ని కిలోమీటర్లు తిరగాలన్నది సాధారణంగా పాటించే సూత్రం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. దాని ఫలితం ఎలా ఉంటుందో 2020లో మన రెండు తెలుగు రాష్ట్రాలే చూపించాయి. మార్చిలో లాక్‌డౌన్‌కు ఆగిన బస్సులు, ఈ కిలోమీటర్ల లెక్క తేలక నవంబరు 2న ఒప్పందం కుదిరేదాకా కదలలేదు. అంతకు ముందు తెలంగాణలో రోజుకు 2 లక్షల 65 వేల కిలోమీటర్లు తిరిగే ఆంధ్ర బస్సులను దాదాపు లక్షా 61 వేలకు తగ్గించుకున్నారు. హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగేవాళ్ళకు రైళ్ళున్నాయి, కార్లున్నాయి. సైనగుంట దగ్గర గట్టు మీద కూర్చున్నవాళ్ళకు ఏముంది? కిలోమీటర్లు తూచేటప్పుడు పెద్ద ఊళ్ళ మధ్య పరుగెత్తే బస్సుకూ, అడవి దారిలో నాలుగు పల్లెలకు ఆధారమైన బస్సుకూ ఒకే తూకం వేస్తే, తేలిపోయేది రెండోదే. నా దృష్టిలో సరిహద్దు నుంచి ముప్పై, నలభై కిలోమీటర్ల లోపల తిరిగే పల్లె బస్సులను ఈ తూకం నుంచి పూర్తిగా తీసివేయాలి.

ఈ విషయంలో మనకు చట్టం ఇచ్చిన హక్కు ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 88వ సెక్షను, అయిదో ఉపవిభాగం. రెండు రాష్ట్రాలు పర్మిట్ల సంఖ్య గురించి ఒప్పందం చేసుకోదలిస్తే, ఆ ప్రతిపాదనను రెండు ప్రభుత్వాలూ తమ గెజెట్లలోనూ, ఆ దారి పొడుగునా చదివే ప్రాంతీయ భాషా పత్రికల్లోనూ ప్రకటించాలి. ప్రజలు తమ మాట చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. విచారణ జరిగే తేదీ ప్రకటన వెలువడిన నాటి నుంచి కనీసం 30 రోజుల తరువాత ఉండాలి. స్థలం, వేళ కూడా చెప్పాలి. అదే విధంగా రాష్ట్రం లోపల ప్రభుత్వ సంస్థకు ఒక ప్రాంతాన్నో దారినో అప్పగించే పథకం తయారు చేసినప్పుడు, 99, 100 సెక్షన్ల ప్రకారం 30 రోజుల లోపల ఎవరైనా అభ్యంతరం తెలపవచ్చు. మన ఊళ్ళలో పత్రిక కొనేవాళ్ళు జాతకం చూస్తారు, సినిమా వార్త చూస్తారు. ఆ లోపలి పేజీలో సన్న అక్షరాల ప్రకటన ఎవరూ చూడరు. గ్రంథాలయంలో కూర్చునే రిటైర్డు ఉపాధ్యాయులు ఎవరైనా ఈ పని మీద వేసుకుంటే ఊరికి ఎంతో ఉపకారం.

మినీబస్సుల సంగతి కూడా రెండు మాటల్లో చెబుతాను. తమిళనాడు ప్రభుత్వం కొత్త మినీబస్సు పథకాన్ని 2025 జూన్‌లో ప్రారంభించింది. దారి పొడవు 25 కిలోమీటర్లకు మించకూడదు. అందులో నూటికి 65 వంతులకు తక్కువ కాకుండా అదివరకు బస్సు లేని దారి అయి ఉండాలి. మన కొండపక్క పల్లెలకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే ఇవి ప్రైవేటువాళ్ళు నడిపే బస్సులు. ఆడవాళ్ళకు టికెట్టు ఉంటుంది. మినీబస్సు వచ్చింది కదా అని ఉన్న టౌన్ బస్సును మానుకోవడానికి ఒప్పుకోకూడదు.

చివరగా, అర్జీ రాసేవాళ్ళకు ఒక మాట. బడిలో పిల్లలకు ఉత్తరాలు రాయడం నేర్పేటప్పుడు నేను చెప్పేదే ఇక్కడా చెబుతాను. "మా ఊరికి బస్సు సౌకర్యం కల్పించవలెను" అని రాసిన కాగితం మీద అధికారి ఏం రాయగలడు? "పరిశీలించబడును" అని రాస్తాడు. అలా కాకుండా, ఫలానా దారిలో ఉదయం ఏడున్నర బస్సు ఎనిమిదింపావుకు మారినందువల్ల ఇంతమంది పిల్లలు మొదటి గంట పాఠం పోగొట్టుకుంటున్నారు, ఇంతమంది ఆడవాళ్ళు పనికి ఆలస్యమవుతున్నారు అని లెక్కతో రాయండి. ఒక వారం రోజులు ఊరి స్టాపు దగ్గర ఇద్దరు పిల్లలను నోటుపుస్తకంతో కూర్చోబెడితే ఆ లెక్క వస్తుంది. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎంతమంది ఎక్కారు, ఎంతమందిని ఎక్కించుకోకుండా పోయింది, బోర్డు టౌన్‌దా మొఫస్సిల్‌దా. మా ఎనిమిదో తరగతి పిల్లలు గణితంలో సగటు కట్టడం నేర్చుకున్నది ఇలాంటి లెక్కతోనే. ఆ పట్టికను అర్జీకి జతచేయండి. అర్జీ తమిళంలో రాయండి, ఒక ప్రతి తెలుగులో మీ దగ్గర ఉంచుకోండి. రెండో రాష్ట్రంతో పని ఉన్న దారి అయితే తెలుగు ప్రతిని చిత్తూరు కలెక్టరు కార్యాలయానికి కూడా పంపండి.

వేలూరు కలెక్టరు కార్యాలయంలో ప్రజల అర్జీలు తీసుకునేది సోమవారం. అంతకన్నా ముందు గ్రామసభలో తీర్మానం చేయించుకుంటే ఆ కాగితానికి బరువు ఎక్కువ. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 — ఏడాదికి ఈ ఆరు రోజులు తమిళనాడు పంచాయతీల్లో గ్రామసభ జరిగే రోజులు. ఆ పూట మగవాళ్ళు మాత్రమే వెళ్ళి నీళ్ళ ట్యాంకు గురించి మాట్లాడి రావడం మన దగ్గర అలవాటు. బస్సు ఎక్కేది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు. వాళ్ళు వెళ్ళి, బస్సు వేళను, బోర్డును తీర్మానంలో రాయించి, సంతకాలు పెట్టించి, నకలు తీసుకుని రావాలి.